మూత కింద నీళ్ళు

మూతపెట్టిన నీళ్ళు కదలవని మీకెవరు చెప్పారు?

తొంభైల చివర, బెంగళూరు కాటన్‌పేటలో నేను దిగిన నూలు వ్యాపారుల ఇంట్లో ఈ వాదమే నడుస్తోంది. నది సముద్రంలో కలిసేచోట, మంచు కింద నీళ్ళెలా కలుస్తాయో చదవడానికి మనవరాలు గీత చలిదేశం వెళ్తానంటోంది. అవ్వ ఒప్పుకుంటేనే ప్రయాణం.

"పైన మంచు కప్పినాక గాలి తగలదు. ఇంక నీళ్ళెట్ల కదుల్తాయే? ఊరికే పడుండే నీళ్ళను చూసేకి అంత దూరమా?" అంది అవ్వ.

నేను ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను. గీత మాత్రం గాజుసీసాలో సగం ఉప్పునీళ్ళు పోసి, కాఫీ డికాక్షన్ కలిపిన మంచినీళ్ళను చెంచా మీదుగా మెల్లగా అంచుదాకా నింపింది. నల్లనీరు పైనే నిలిచింది.

"పైన నది, కింద సముద్రం, ఈ మూత మంచు. నీళ్ళను ఊపే సముద్రపు పోటు నువ్వే అవ్వా," అంటూ మూత బిగించి చేతికిచ్చింది.

అవ్వ సీసాను అటూ ఇటూ వంచింది. రెండు నీళ్ళ నడుమ అల లేచింది. నలుపు మెల్లగా కిందికి దిగింది.

"చూశారా..." అన్నాను.

"నువ్వుండప్పా!" అని మళ్ళీ వంచింది. "కలుస్తాండాయే! చేత పట్టి చూడందే నూలు కొనని ఇల్లు మాది. పోయిరా, అక్కడా ఇట్లే ఉండాదేమో చూసి చెప్పు."

మీ ఇంటి పిల్లకు వద్దని చెప్పేముందు, మీరూ ఆ సీసా చేతిలోకి తీసుకోండి.