పరుపు అంచున గుచ్చిన సూది

ఒక మనిషి బతికుందో లేదో కనుక్కోవడానికి నాకు ఇరవై ఏళ్లుగా ధైర్యం చాలడం లేదు. మీకు చెబుతాను. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్లీ మొదలుపెట్టలేను.

అప్పుడు నాందేడ్‌లో ఒక ఆస్పత్రిలో వార్డు పనివాణ్ణి. రోజుకు వెయ్యి సూదులు ఏరేవాణ్ణని, ఒక్కటీ నన్ను తాకలేదని మనవళ్లకు చెబుతుంటాను. వెయ్యి అబద్ధం. వంద కూడా కాదు, నలభై ఉంటాయేమో. రెండుసార్లు గుచ్చుకున్నాయి కూడా. చూశారా, ఒప్పుకోవడానికి కూర్చున్నా ముందు గొప్పలే వచ్చాయి.

ఆ ఏడే సూదులు కత్తిరించే చిన్న మిషన్ వచ్చింది. వాడిన సూదిని వెంటనే అందులో పెట్టి ముక్క చెయ్యాలి. అదేమో వరండా చివర బల్ల మీద ఉండేది. ప్రతి సూదికీ అంత దూరం ఎవరు నడుస్తారు? పరుపు అంచున గుచ్చి ఉంచేవాణ్ణి, చివర్లో అన్నీ ఒకేసారి ఏరుకుపోవచ్చని. పెద్దడాక్టరుతో మాత్రం, "మా వార్డుల ఒక్క సూది దొరికినా సగం మీసం గీకించుకుంట సాబ్" అన్నాను, అందరి ముందూ.

ఒక మధ్యాహ్నం ఏడో మంచం పరుపులో ఒకటి మరిచిపోయాను. ఆ మంచం మీది రోగికి ఎయిడ్స్. నాకు తెలుసు. దుప్పట్లు మార్చే పోసవ్వకు తెలియదు.

"అవ్వో!" అని చెయ్యి విదిలించింది. వేలి చివర రక్తం.

"గిదెవలి సూది మామా?"

"నీకు రక్తం ఎక్కువైందని నేనే పెట్టిన."

"మజాక్ చెయ్యకు. వాడిందైతే చెప్పు, డాక్టర్ సాబ్ దగ్గరికి పోత."

"కొత్తదే పోసవ్వా! సలైన్‌ల మందు కలుపనీకి తీసిన. మాహూర్ రేణుకమ్మ మీద ఒట్టు."

"అమ్మ మీద ఒట్టు పెట్టినవంటే సరే తియ్" అంది. వేలు కొంగుకు తుడుచుకుని పక్క మంచానికి వెళ్లింది.

అప్పుడే చెప్పి ఉంటే ఆ జబ్బు అంటకుండా డాక్టరు మందు ఇచ్చేవారు. అదీ నాకు తెలుసు. మరెందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా, ఆ భయం కింద ఇంకో చిన్న భయం దొరుకుతుంది: మీసం మాట ఎత్తి అందరూ నవ్వుతారని. అంతే. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి ఏడాది నిండని కూతురికి పాలిచ్చి ఉంటుంది.

మరుసటి ఏడు పోసవ్వ వాళ్లు బిలోలి ఊరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు బాగా సన్నబడ్డట్టు కనిపించింది. ఎండలకు అనుకున్నాను. ఎండలకేనా? ఇప్పటికీ బిలోలి బస్సు వస్తే తల తిప్పుకుంటాను. ఎవరైనా దిగి "మామా" అని పిలుస్తారేమోనని. ఇక ఎవరూ పిలవరేమోనని కూడా.

అది వాడిన సూది. గుచ్చింది నేను. ఆమె అడిగింది, తెలిసి అబద్ధమాడాను. మన్నించమని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు.