పిచ్చుకల ఇంటికి తోరణం

మా ఆయన పోయిన తర్వాత హాల్లో ఆయన ఫోటో పెట్టించాము. అందరిళ్లలో లాగే, పటం కొంచెం ముందుకు వాలి ఉండేట్టు మేకులు కొట్టారు. గోడకూ పటానికీ నడుమ జానెడు చోటు మిగిలింది. ఎండలు మొదలవుతుండగా ఆ చోటును ఒక పిచ్చుకల జంట కనిపెట్టింది. కిటికీలోంచి గడ్డిపోచలు తెచ్చి పటం వెనక కూరడం మొదలుపెట్టాయి.

మా అత్త చాలా రోజుల తర్వాత నోరు తెరిచి మాట్లాడింది ఆ పిచ్చుకల గురించే. పరామర్శకు వచ్చినవాళ్లు, మీ వాడే ఈ రూపంలో వచ్చినాడని ఆమెకు చెప్పారు. అటువంటి మాటలు నాకు పట్టవు. పిచ్చుక పిచ్చుకే. దానికి చోటు కావలసి వచ్చింది, దొరికింది. అయినా కొడుకు పోయిన మనిషితో ఆ వాదన పెట్టుకోలేదు.

ఒక మధ్యాహ్నం పుత్తూరు నుంచి బంధువులు వస్తే ఫ్యాను వేశాము. నోట్లో పోచతో వస్తున్న పోతుపిచ్చుక ఫ్యాను రెక్కకు తగిలి అత్త కాళ్ల దగ్గర పడింది. ఆమె దాన్ని కొంగులో పెట్టుకుని పెరట్లోకి వెళ్లి జామచెట్టు కింద పూడ్చి వచ్చింది. ఏడవలేదు. పాత క్యాలెండరు అట్ట ఒక ముక్క చించి, అన్నం మెతుకులు మెదిపి, ఫ్యాను స్విచ్చి మీద అతికించింది.

ఆ రోజుతో మా ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. ఆడపిచ్చుక ఇంకో తోడును వెతుక్కుని మళ్లీ పటం వెనకే కట్టడం మొదలుపెట్టింది. అత్త పటం కింద చాప వేసుకుని విసనకర్ర పట్టుకుని కూర్చునేది. తాను లేచిపోతే ఎవరో ఒకరు ఫ్యాను వేస్తారని ఆమె భయం. తిరుపతిలో వేసవి పగలు కొండ కూడా ఎండను మన మీదికే తిప్పి కొడుతుంది. మే నెల కత్తిరి ఎండలు రాకముందే ఆమె రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. గాలి తగిలే చోట ఉంచమని డాక్టరు చెప్పాడు. పటాన్ని గోడకు ఆనించి కొట్టిద్దామని ఒకసారి అన్నాను. ఆమె చూసిన చూపుకు మళ్లీ అనలేదు. పిచ్చుకలు వాటంతట అవే బయటికి పోవాలి. కత్తిరి వచ్చే లోపల పోవాలి. లేకపోతే ఈమె కూడా నాకు దక్కదని తోచింది. ఆ ఇంట్లో నాకు మిగిలింది ఆమె ఒక్కతే.

నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. లైబ్రరీలో పక్షుల పుస్తకం ఒకటి తిరగేసి, గూటిపెట్టె ఎట్లా ఉండాలో చదువుకున్నాను. టమోటా పెట్టెలు ఊడదీసి పలకలు సిద్ధం చేసుకున్నాను. పక్కింటాయన రేణిగుంటలో రైల్వే పని చేసి రిటైరైన మనిషి. రంపం, బెజ్జం వేసే బరమా తెచ్చిచ్చి, గోడ అవతల నిలబడి చూస్తూ ఉన్నాడు.

“తిరుపతిలో మనుషులకే బాడుగిండ్లు దొరకవు. నువ్వు పిచ్చికలకు కడతా ఉండావా అమ్మాయీ?” అన్నాడు. అడ్వాన్సు కింద ఎన్ని గింజలు అడుగుతావని కూడా అడిగాడు.

పాత పెద్ద రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదిగా వాకిలి తొలిచాను. పెరటి గోడకు, సన్‌షేడు కింద, కోతులు పీకలేనంత గట్టిగా మేకులు కొట్టాను. ఆ చప్పుడుకు అత్త లేచి పెరటి వాకిట్లోకి వచ్చింది. పిచ్చుకను పూడ్చిన తర్వాత ఆమె అటు రావడం అదే మొదలు. పెట్టె ఎవరికని అడిగింది. చెప్పాను. కాసేపు చూసి, పక్కింటాయనను మామిడాకులు కోసివ్వమంది.

ఎందుకో నాకు అర్థమైంది. చావు జరిగిన ఇంటికి ఏడాది తిరిగేదాకా తోరణం కట్టకూడదు. ఆ ఉగాదికి మా వీధిలో బోడిగా ఉన్న గడప మాదొక్కటే.

“మనకు ఏడాది తీరలేదే అత్తా” అన్నాను.

“మైల మనకు. పిచ్చికకేమి మైల?” అంది. “కొత్తిల్లు బోడిగా ఉంటే యెవురైనా అడుగు పెడతారా?”

కొబ్బరి పీచు తాడు పేని, దానికి ఆకులు గుచ్చి, పెట్టె వాకిలికి అడ్డంగా కట్టింది. పసుపు పూసి కుంకుమ పెట్టింది. స్టవ్వు మీద పాలు పొంగించి తెచ్చి గోడ మొదట్లో పోసింది. గృహప్రవేశానికి పిలిచి భోజనం పెట్టకుండా పంపుతారా అని పక్కింటాయన గోడ మీదనుంచే అడిగాడు. మిగిలిన పాలలో చక్కెర వేసి ఆయనకే ఇచ్చింది.

ఆ ఆకులతోనే చిక్కు వచ్చింది. పిచ్చుక దూరవలసిన బెజ్జానికి సరిగ్గా ఎదురుగా వేలాడి, గాలికి అల్లాడేవి. పిచ్చుకలు జామకొమ్మ మీదికి వచ్చేవి, పెట్టెను చూసేవి, ఆకులు కదలగానే మళ్లీ కిటికీలోంచి హాల్లోకి పోయేవి. వాకిలికి ఎదురుగా ఏదీ ఉండకూడదని పుస్తకంలో స్పష్టంగా ఉంది. పక్కింటాయన నన్ను చూసినప్పుడల్లా, కొండ మీద కాటేజీ మాదిరి రూము పెట్టినావు, యాత్రికులేరీ అనేవాడు.

ఒక సాయంత్రం కత్తెర తీసుకుని పెట్టె దాకా వెళ్లాను. తోరణం తెంపితే పిచ్చుకలు రావచ్చు. కానీ అత్త ఇప్పుడు రోజూ పొద్దున పెరట్లోకి వస్తోంది. ఎండ ఎక్కేదాకా బట్టలుతికే బండ మీద కూర్చుని పెట్టెను చూస్తోంది. కొడుకు పోయాక ఆమె తన చేత్తో చేసిన శుభకార్యం అదొక్కటే. కత్తెర తీసుకుని లోపలికి వచ్చేశాను.

వేడిగాలికి ఆకులు ఎండాయి, ఒక్కొక్కటే రాలాయి. చివరికి పీచు తాడు మాత్రం మిగిలింది. ఒక పొద్దున నేను కుళాయి దగ్గర బిందె పెట్టి ఉన్నాను. అత్త బండ మీదనుంచి చెయ్యి ఊపింది.

ఆడపిచ్చుక ఆ తాడుకు తలకిందులుగా వేలాడుతూ పీచు లాగుతోంది. కాళ్లు గోడకు తన్నిపెట్టి, ఒళ్లంతా ఊపి, ఒక పోగు ఊడబెరికింది. దాన్ని హాల్లోకి మోసుకుపోతుందనుకున్నాను. పోలేదు. పక్కనే ఇల్లుండగా అంత దూరం మోసేదెందుకని దానికీ తోచినట్టుంది. పోగుతో సహా బెజ్జంలోకి దూరింది.

“సూడు అమ్మణ్ణీ, దొంగది. నేను కట్టిన తోరణమే పీకతా ఉండాది” అని అత్త నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేట్టు నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఎంత కాలమైందో. నా బిందె నిండి పొర్లిపోతోంది. ఎవరూ కుళాయి కట్టలేదు.

ఆ తర్వాత ఆమెకు చేతినిండా పని. రోజూ పీచు విప్పి ఆ తాడుకే కట్టేది, పిచ్చుకలు రోజూ తీసుకుపోయేవి. హాల్లోకి రావడం మానేశాయి. కత్తిరి మొదలైన రోజుల్లోనే పెట్టెలో పిల్లల కూతలు వినిపించాయి. అత్త పెట్టెకు చెవి ఆనించి విని, లోపలికి వచ్చింది.

“పటం దించు. గోడకు ఆనించి కొట్టు. ఇంక ఫ్యాను వెయ్యి.”

పటం వెనక సగం కట్టి వదిలేసిన గూడు ఉంది. వట్టిదే. ఆ పోచలను ఆమె ఏరి, పెరటి గోడ మీద పెట్టి వచ్చింది. స్విచ్చి మీది అట్టను తనే గోటితో గీకింది. ఎండిన మెతుకులతో పాటు గోడ రంగు కూడా ఊడింది. ఫ్యాను కదలగానే ఇన్నాళ్ల దుమ్ము మా ఇద్దరి తలల మీద పడింది. తుడుచుకునే లోపలే పక్కింటాయన కిటికీ దగ్గరికి వచ్చి, రూములన్నీ నిండిపోయినాయంట కదా అన్నాడు.

“నీకు కావాలంటే ముందే రాయించుకోవాల” అంది అత్త. ఫ్యాను కింద చాప వేసుకుని సాయంత్రం దాకా నిద్రపోయింది.

ఆయన నిజంగానే తన పెరటికి ఒక పెట్టె చేయించుకున్నాడు. తర్వాత ఎదురింటివాళ్లు అడిగారు. మరుసటి వేసవికి మా వీధిలో చాలా గోడలకు టమోటా పలకల పెట్టెలు ఉండేవి. ప్రతి పెట్టె పక్కనా ఒక పీచు తాడు, ఆకులు లేకుండా. అది అత్త పెట్టిన నియమం.

ఏడాది తీరిన తర్వాత వచ్చిన ఉగాదికి మా గడపకు తోరణం కట్టింది ఆమే. పీచు తాడు కొసలు నేను కత్తిరించబోతే వద్దంది. మూరెడు వేలాడేట్టు రెండు వైపులా వదిలింది. సాయంత్రానికి ఆకులు ఎక్కడివక్కడే ఉన్నాయి, కొసలు లేవు.