పెనాంగ్‌లో మా మరిది టైము

మా మరిది మంగాతూర్ ముప్పై ఏళ్లు మేడాన్ నుంచి పారాపాట్‌కి బస్సు నడిపాడు. వానొచ్చినా, కొండ విరిగిపడినా టైముకి చేర్చేవాడని ఊరంతా చెప్పుకునేది. ఊరంతా అంటే ముఖ్యంగా ఆయనే. కిందటేడు కుడి కంట్లో శుక్లం ముదిరింది. కన్ను బాగుచేయించుకొస్తేనే మళ్లీ స్టీరింగు ముట్టనిస్తానని బస్సు యజమాని తేల్చేశాడు.

మా మేడాన్‌వాళ్లం జ్వరం దాటిన జబ్బేదొచ్చినా సముద్రం అవతలి దేశంలో ఉన్న పెనాంగ్‌ ఆసుపత్రులకే పరిగెడతాం.

"పారాపాట్‌కి నూట డెబ్బై కిలోమీటర్లు, అయిదు గంటలు. పెనాంగ్‌కి సముద్రం మీద రెండొందల యాభై చిల్లర, యాభై నిమిషాలు! ఏ డ్రైవరు నమ్ముతాడు వదినా?" అన్నాడు.

నమ్మకపోయినా విమానం ఎక్కాడు. తోడు నేను. మా ఆయన పోయాక ఈయన్ని తిట్టే బాధ్యత నామీదే పడింది.

దిగగానే చెప్పాను, "గడియారం గంట ముందుకి తిప్పు, ఇక్కడి టైము వేరు" అని.

"యాభై నిమిషాల దారికి ఎవడైనా గంట తిప్పుతాడా? తిప్పను."

ఈ మొండితనం తెలిసే ముందుగా ఆసుపత్రికి ఫోన్ చేశాను. చదివింది రెండో తరగతే అయినా ఈ లెక్క నాకొచ్చు. డాక్టరు పదకొండుకి చూస్తాడంటే, ఈయన చీటీ మీద పది అని రాయించాను. నర్సుకి ఓ డబ్బా మా ఊరి బికా అంబోన్ కేకు ఆశ పెట్టాను.

తన గడియారంలో సరిగ్గా పదికి లోపల అడుగుపెట్టాడు. "చూశావా! నిమిషం తేడా లేదు."

నర్సు నవ్వి, "తాతా, ఈ అమ్మ ఫోన్ చేసి..." అంది. ఆమె కాలు తొక్కాను. తెలిస్తే చాలు, అలిగి కన్ను చూపించుకోకుండా వెళ్లిపోయే రకం. నా జన్మలో మింగిన మొదటి మాట అదే.

మర్నాడు ఆపరేషనుకీ అదే ఉపాయం. ఆ మర్నాడు కట్టు విప్పారు. అట్నుంచటే విమానాశ్రయానికి వెళ్లాం. విమానాల వాళ్ల దగ్గర నా కేకు పారలేదు. పాస్‌పోర్టులు రెండూ ఆయన చొక్కా జేబులో, బొత్తాం పెట్టి ఉన్నాయి. టీ దుకాణంలోంచి కదలడు.

"లే మరిదీ, విమానం వెళ్లిపోతుంది!"

"ఇంకా గంటుంది. టీ తాగు."

"గోడ గడియారం చూడు!"

"ఈ ఊరి గడియారాలన్నీ గంట ముందుంటాయి. డాక్టరు దగ్గర తేలిపోయింది కదా ఎవరిది సరైనదో."

ఇక ఆగలేక మింగిన మాట కక్కేశాను. ఫోను, కేకు, చీటీ, అన్నీ.

"నా గడియారం గెలిచిందని ఓర్వలేక అల్లుతున్నావు వదినా," అని ఇంకో టీ చెప్పాడు.

అద్దాల అవతల మా విమానం లేచింది. తిట్టడానికి నోరు తెరిచేలోగా ఆయన గ్లాసుతో సహా లేచి నిలబడ్డాడు.

"వదినా! తోక మీద అంకెలు! ఒక్కొక్కటీ కనబడుతోంది!"

పైకి చదివాడు కూడా, పారాపాట్ బస్టాండులో ఊళ్ల పేర్లు అరిచినట్టు. దుకాణమంతా తిరిగి చూసింది. వచ్చే వారం బస్సు ఎక్కేస్తాడు, సందేహం లేదు.

నాకు తోకే కనబడలేదు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.