తుడిచిన చెయ్యి

తమ్ముడి లెక్కలో పని రెండు రకాలు. బాగా వస్తే తను అనుకున్నది, పాడైతే ప్రయోగం. ముప్ఫై ఏళ్లుగా బొమ్మలు అచ్చు తీస్తున్నాడు గానీ, "తప్పు చేశాను" అన్న పాపాన పోలేదు.

అక్క లెక్కలోనూ రెండు రకాలే, శుభ్రంగా చేసిన పని, చేయని పని. ఆవిడ పదహారేళ్లు అద్దాల దుకాణంలో అద్దాలు తుడిచింది. తుడిచిన చెయ్యి జాడ అద్దం మీద కనబడిందంటే తుడవడం రానట్టేనని అక్కడి యజమాని రోజూ నూరిపోసేవాడు. ఆ దుకాణం మూతపడ్డాక, ఊరికే కూర్చోవడం చేతకాక, తమ్ముడి ఇంటి వెనక రేకుల షెడ్డులో సాయానికి చేరింది. అది పదకొండేళ్ల కిందటి మాట.

తమ్ముడి పని చూడ్డానికి మహా గొప్పగా ఉంటుంది. రాగిరేకు మీద సూదితో గీయడం, యాసిడ్‌లో ముంచి ఆ గీతలను లోతు చేయడం, వాటిలో సిరా కూరి తడి కాగితం మీద అచ్చు తీయడం అందరూ చేసేదే. అందరూ చేసేది చేస్తే ఇతనికి నామోషీ. అందుకని డబ్బా మూతలు, పాత తలుపు రేకులు, జిగురు పూసి ఇసక చల్లిన అట్టలు, ఏది కనబడితే దానికి సిరా పులిమి యంత్రంలోకి తోసేవాడు. ఓసారి రేకు మీద ఉప్పు చల్లి వానలో పడేసి, వారం రోజులు అన్నం మానేసినంత పని చేసి దాని చుట్టూ తిరిగాడు. మిగిలింది తుప్పు. దానికో పేరు పెట్టి, చట్రం కట్టించి, గోడకెక్కించాడు. చూసినవాళ్లు తలలాడించారు. తలాడించడానికి పెద్ద చదువు అక్కర్లేదు కదా.

ఇంత ప్రయోగం చేసే మనిషికి ఒక్క పని చేతకాదు. రేకు తుడవడం రాదు. గీతల్లో సిరా కూరాక పైన మిగిలినదాన్ని ముందు గంజి పెట్టిన జాలీగుడ్డతో, తర్వాత ఒట్టి అరచేత్తో తీయాలి. అరచేతికి సుద్దపొడి అద్దుకుని, ఆనీ ఆననట్టు లాగాలి. గట్టిగా లాగితే గీతలోని సిరా కూడా ఊడి వస్తుంది, మెత్తగా లాగితే బొమ్మంతా మసి. పలచని పొర వదిలినచోట బొమ్మలో నీడ, పూర్తిగా తీసినచోట వెలుతురు పడతాయి. దానికి పొడి చెయ్యి కావాలి. తమ్ముడివేమో పుట్టు చెమట చేతులు. బళ్లో పరీక్ష కాగితాలు తడిపి చించేవాడు. ఇంట్లో అందరూ వాణ్ణి తడిచెయ్యి అనే పిలిచేవారు. సుద్దపొడి వాడి చేతిలో పడితే నిమిషంలో ముద్దయ్యేది.

కాబట్టి పదకొండేళ్లుగా రేకులన్నీ అక్కే తుడిచింది. పత్రికలవాళ్లు తమ్ముడి బొమ్మల్లో వెలుతురు గురించి పేజీలకు పేజీలు రాశారు. తమ్ముడు వాటిని కత్తిరించి అట్టకు అంటించుకున్నాడు. వెలుతురు ఎక్కణ్ణించి వస్తుందో ఎవరూ అడగలేదు, అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు అతనికి లేదు.

అచ్చుపనిలో ఒక పద్ధతుంది. బొమ్మ గీసినవాడు కింద సంతకం పెడతాడు, రేకు తుడిచి అచ్చు తీసినవాళ్లు మూలన సిరా లేని చిన్న ముద్ర నొక్కుతారు. ఆ సంగతి తెలిశాక అక్క ఓ ఇత్తడి ముక్కను ఆకురాయితో అరగదీసి వేలిగోరంత ముద్ర తయారు చేసుకుంది. ఒక గుండ్రం, దాని మీద అడ్డంగా ఒక గీత, అంతే. అద్దం, దాని మీద ఒక తుడుపు అన్నమాట.

"ఒరేయ్, మూలన ఇది కూడా పడితే ఏమైనా పోతుందా?" అని అడిగింది.

"చూద్దాంలే అక్కా. కాగితం అంచు పాడవుతుందేమో," అన్నాడు.

ఉప్పుకీ తుప్పుకీ ఇసకకీ పాడవని కాగితం వేలిగోరంత ముద్రకి పాడవుతుందట. అక్క ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ చూద్దాంలే అనే అన్నాడు. ముద్ర సుద్దపొడి డబ్బాలో పడి ఐదేళ్లయింది. ఆవిడ మళ్లీ నోరు తెరవలేదు గానీ, డబ్బా తీసిన ప్రతిసారీ అది వేలికి తగిలేది, తగిలిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది.

ఇలా ఉండగా, కళల గురించి రాసే ఒక మేడమ్, ఆవిడతోపాటు మ్యూజియం అధికారి, తమ్ముడు పని చేస్తుంటే చూస్తామని కబురు చేశారు.

"అక్కా, వాళ్లున్నంతసేపూ నువ్వు వంటింట్లో ఉండు. షెడ్డు ఇరుకు," అన్నాడు తమ్ముడు. ఆ షెడ్డులో పదిమంది కాళ్లు చాపుకుని పడుకోవచ్చు.

"మరి రేకెవరు తుడుస్తారు?"

"నేనే. ఒక్కటేగా."

ఆ రోజు వంటింటి కిటికీలోంచి అక్క అంతా చూసింది. రేకు మీద మెట్లదారి, పైన చిన్న కిటికీ, ఆ కిటికీలోంచి మెట్ల మీదికి పడే ఎండ. తమ్ముడు చొక్కా చేతులు మడిచి, పెద్ద పనిమంతుడిలా అరచెయ్యి ఎత్తి రేకు మీద వేశాడు. ఇద్దరు కళ్లార్పకుండా చూస్తుంటే మామూలు చేతులకే చెమట పడుతుంది, ఇంక తడిచెయ్యి సంగతి చెప్పాలా. సుద్ద ముద్దయింది, సిరా చారలు కట్టింది. అచ్చు తీస్తే మెట్లు లేవు, ఎండ లేదు, మసిలో ఐదు వేళ్ల మరకలు మాత్రం ఉన్నాయి.

తమ్ముడు అలవాటుగా, "ఇది కొత్త ప్రయోగం," అన్నాడు.

మేడమ్ కాగితం దగ్గరకు వంగింది. "అద్భుతంగా ఉందండీ. ఇన్నాళ్లూ మీ బొమ్మలు మరీ శుభ్రంగా ఉండేవి. ఇందులో మీ చెయ్యి కనిపిస్తోంది," అంది.

అక్క గిన్నె తోముతూ ఆగిపోయింది.

కాసేపటికి మేడమ్ మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చింది. "ఇక్కడే పని చేస్తారా అమ్మా?"

"అవునండీ."

"అదృష్టవంతులు. రోజూ ఆయన పని చూడొచ్చు."

"చూస్తూనే ఉన్నానండీ," అంది అక్క.

మ్యూజియానికి అలాంటివే పన్నెండు కావాలన్నారు. పన్నెండూ ఒకేలా ఉండాలి. తమ్ముడి మొహం వెలిగిపోయింది, రెండో రోజుకే ఆరిపోయింది. చెమట చెప్పినట్టు వింటుందా? ఒకసారి కారిపోతుంది, ఒకసారి అసలు పట్టదు. చెమట కోసం షెడ్డు చుట్టూ పరుగెత్తాడు. వేడినీళ్లలో చేతులు ముంచాడు. యాభై దాటిన మనిషి గుప్పిళ్లు మూసుకుని ఎండలో నిలబడ్డాడు. నాలుగు రోజుల్లో ఇరవై కాగితాలు తగలేశాడు. విచిత్రమేమిటంటే, వాటిలో ఒక్కదాన్నీ ప్రయోగం అనలేదు.

ఐదో రోజు కాళ్లబేరానికి వచ్చాడు.

"అక్కా, నీకు రానిదేముంది. నాలాగా తుడవగలవా?"

"నీలాగా తుడవడమంటే తుడవకపోవడమే కదరా."

"నీ ముద్ర వేసుకో. మాటిస్తున్నా. కింద కుడి మూలన వేసుకో."

అది అక్క ఐదేళ్లుగా ఎదురుచూసిన మాట. గిన్నెలో నీళ్లు పెట్టుకుని, మొదటి కాగితం ఎదురుగా తగిలించుకుని కూర్చుంది. తమ్ముడు ఎక్కడ తడబడ్డాడో, ఏ వేలు ఎక్కువ నొక్కాడో, ఎక్కడ బెదిరి చెయ్యి లాక్కున్నాడో అన్నీ చదివింది. వేళ్లు నీళ్లలో ముంచి, వచ్చిన విద్యంతా పక్కన పెట్టి, వాడి చేతకానితనాన్ని మరక మరకకీ దించింది. మూడు రోజులు పట్టింది. పదమూడు కాగితాలూ కలిపేస్తే అసలుది ఏదో తమ్ముడే కనుక్కోలేకపోయాడు.

"అచ్చం నాలాగే చేశావక్కా," అన్నాడు.

పదకొండేళ్లలో అతను ఆవిణ్ణి మెచ్చుకోవడం అదే మొదటిసారి.

అక్క డబ్బాలోంచి ఇత్తడి ముద్ర తీసింది. తమ్ముడు ఉదారంగా కాగితం మూల కింద మెత్తటి గుడ్డ కూడా సర్దాడు. ఆవిడ ముద్ర మూలన ఆనించి, బొమ్మకేసి చూసింది. మసి పట్టిన మెట్లు, అలికిన కిటికీ. తను ఎండ పోసిన బొమ్మలు ఎవరెవరి ఇళ్లలోనో మూల ఖాళీగా వేలాడుతున్నాయి. ముద్ర పడే భాగ్యం దీనికి పట్టింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ముద్రను చీర కొంగుకు తుడిచి ముడి వేసుకుంది.

"ఏంటక్కా, వెయ్యవా? నేనే వేసుకోమంటున్నాగా."

"దీని మీద వద్దురా. నేను చేశానని ఎవరికైనా తెలిస్తే సిగ్గుచేటు. ఇన్నాళ్లూ అన్నీ నువ్వే చేశావని చెప్పుకున్నావుగా, వీటికీ అలాగే చెప్పు. ఈసారి ఎవరికీ అనుమానం రాదు."

"అది కాదక్కా, రేపు కొత్త రేకుంది..."

"నువ్వే తుడుచుకో. మేడమ్‌గారికి నీ చెయ్యే నచ్చింది."

ఆవిడ చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. తమ్ముడు కొత్త రేకు ముందు నిలబడి, అరచేతులు ప్యాంటుకు గట్టిగా రుద్దుకున్నాడు. సుద్దపొడి డబ్బా అందుకునేలోపే అవి మళ్లీ తడిశాయి.