పెంగ్విన్ తొడుక్కున్న ఛాంపియన్

సౌదీలోని జుబైల్‌లో ఒక ప్లాంటును ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతు పనిలో ఉన్నాను. నిన్న భోజనాల దగ్గర పక్కవాడు ఫోన్ నా ముందు పెట్టి, "ఈ పెంగ్విన్ జూడన్నా, ఎట్ల జారుతుందో!" అని నవ్వాడు. అది నేను ఇదివరకు పనిచేసిన మాల్ ప్రకటన. అందులో పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఆ బొచ్చు తొడుగులో ఎవరున్నారో నాకు తెలుసు.

ఆ మాల్ లోపల కృత్రిమ మంచు వాలు ఒకటి ఉండేది. దాని కంప్రెసర్లు, పైపులు, మంచు కురిపించే ఫ్యాన్లు నా బాధ్యత. బయట మాడు పగిలే ఎండ, లోపల సున్నాకు దిగువ చలి. ఆ మంచు వాలు మీద స్కీయింగ్ నేర్పడానికి వచ్చిన హిమాచల్ మనిషి మా క్యాంపు గదిలోనే ఉండేవాడు. అందరం భాయ్ అనేవాళ్లం. తండ్రి చెక్కిన దేవదారు పలకల మీద మొదలుపెట్టి, జెండాల మధ్య మలుపులు తిరిగే పందెంలో పలుమార్లు జాతీయ విజేత అయ్యాడు. యూరప్‌లో ఒకే ఒక్క శీతాకాలం పోటీపడ్డాడు. అక్కడ పడి మోకాలు పోగొట్టుకున్నాడు. మోకాలు కుదుటపడేసరికి స్పాన్సర్ లేడు. చలికాలం పందేలకు సెలవిస్తామంటే నమ్మి ఇక్కడికి వచ్చాడు.

బాగా జారాలంటే స్కీ పలకల అడుగున మైనం కరిగించి పట్టించాలి. గదిలో ఉన్న ఒకే ఇస్త్రీపెట్టెతో ఆ పని చేసేవాడు. మాతో ఉండే జగిత్యాల అన్న తన తెల్లంగీ మీద మైనం మరకలు చూసి, "ఓ భాయ్, నా అంగీ గూడ పందెంల ఉరుకుతదా ఏంది?" అని కేకలేసేవాడు. క్యాంపు బస్సులో భాయ్ కళ్లు మూసుకుని, రెండు అరచేతుల్నీ చేపల్లా అటూ ఇటూ తిప్పేవాడు. పందెం దారిని ముందే మనసులో దిగిరావడం ఆ ఆటగాళ్ల అలవాటట. "కిందికొచ్చినంక లేపుర్రి," అనేవాడు అన్న. మాల్ తెరవకముందు నేను నీళ్లు చల్లి వాలును గట్టి మంచుగడ్డ చేసేవాణ్ని. మెత్తటి మంచు మీద పందెం సాధన కుదరదు. జెండాలకు బదులు పాత ప్లాస్టిక్ పైపులు పాతేవాళ్లం.

నేర్చుకునే పిల్లలు తగ్గారు. వాళ్లను ఆకట్టుకోవడానికి భాయ్‌కి మేనేజర్ పెంగ్విన్ వేషం తొడిగించాడు. అదే ఏడు ఇండియాలో ఆసియా పోటీలకు ఎంపిక పందెం వచ్చింది. "మోకాలు ఇంకో ఏడాది ఆగదు. ఇదే ఆఖరు," అన్నాడు భాయ్ హిందీలో. దేశం వెళ్లి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కోసం ముగ్గురం మేనేజర్ దగ్గరికి వెళ్లాం. అతను హైదరాబాద్ మనిషి.

"స్కూల్ సెలవుల్ల పబ్లిక్ ఎంతుంటదో ఎరికేనా? పెంగ్విన్ ఎవరేస్కుంటరు మరి? నువ్వేస్కుంటవా?" అన్నాడు నాతో.

"నేనేస్కుంట సార్," అన్నాడు అన్న. "లోపటెవడున్నడో పోరగాండ్లకేమెరుక?"

మేనేజర్ పడీపడీ నవ్వాడు. "ఇన్షా అల్లా, చూద్దాం," అన్నాడు. ఫ్లైట్ ఎక్కాల్సిన రోజు దాకా చూస్తూనే ఉన్నాడు, కాగితం మాత్రం ఇవ్వలేదు.

అక్కడ పందెం జరుగుతున్న రోజు భాయ్ పెంగ్విన్ తలకాయ పెట్టుకుని, తన స్కీలు తగిలించుకుని, వాలు పైకెక్కాడు. కాసేపు ఆ నల్లటి రెక్కలు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత దిగాడు. లేని జెండాలను ఒక్కొక్కటే కోసుకుంటూ, స్కీల అంచుల కింద మంచుగడ్డ కరకరలాడుతుంటే దిగాడు. నాలుగో మలుపు తిరిగేలోపే వాలు అయిపోయింది. పిల్లలు ఎగిరి గంతులేశారు. ఫోన్‌లో వీడియో తీస్తున్న మేనేజర్, "సూపర్! ఇంకోసారి చెయ్, సరిగ్గా రాలే!" అని అరిచాడు.

భాయ్ ఇంకోసారి చేయలేదు. కాంట్రాక్టు ముగియగానే వెళ్లిపోయాడు. స్కీలు మాత్రం గదిలోనే వదిలేశాడు. ఆ వీడియోతో చేసిన ప్రకటన అతని అనుమతితో నడుస్తోందా అని నిన్న మాల్ వాళ్లకు రాశాను. నవ్వు ముఖం బొమ్మ ఒకటి జవాబుగా వచ్చింది.

వాళ్ల ఆటలో సెకనును వంద ముక్కలు చేసి, ఒక్క ముక్క తేడాతో గెలుపోటములు తేలుస్తారు. అలాంటి ఆట ఆడే మనిషి చివరి శీతాకాలాన్ని, కుర్చీలో కూర్చుని "చూద్దాం" అంటూ కరిగించేశారు.