మలేషియా బీమా కోసం తిరుపతి ప్రయాణం

మలేషియా వెళ్ళాలంటే దామలచెరువు నుంచి మద్రాసు చేరి విమానం ఎక్కితే చాలనుకున్నాను. దానికి ముందు తిరుపతికి ఇంకో ప్రయాణం ఉంటుందని, రెండింటిలో అదే కష్టమైనదని ఎవరూ చెప్పలేదు. మా వెనక వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని ఆ ఒక్కరోజు సంగతి రాస్తున్నాను. మలేషియా గురించి రాసినవాళ్ళు ఎటూ చాలామంది ఉన్నారు.

నా భార్య నాగమణి, ఆమె చెల్లెలు, చెల్లెలి భర్త, నేను కలిసి వారం రోజులు మలేషియా చూసి రావడానికి తిరుపతిలో ఒక ట్రావెల్స్‌కు డబ్బు కట్టాం. టిక్కెట్లు వచ్చాయి. హోటలు ఫొటోలు వచ్చాయి. తర్వాత ప్రయాణ బీమా కాగితం పంపమన్నారు. చెల్లెలివాళ్ళు రెండో రోజే పంపేశారు. మావి దసరా వెళ్ళిన బుధవారం సాయంత్రం నాలుగింటిలోగా అందకపోతే మా రెండు సీట్లు వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని ట్రావెల్స్‌వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు.

ఆలస్యం నావల్లే. నేను పదో తరగతి దాటలేదు గానీ ముప్పై ఏళ్ళుగా దామలచెరువు మామిడి మండీలో లెక్కలు రాస్తున్నాను. చూడకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. ఏ బీమా మంచిదో తెలుసుకుందామని ఫోనులో ఒకచోట నా నంబరు కొట్టాను. పది నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. రెండు రోజుల్లో ఆరుగురు అమ్మాయిలు నా క్షేమం గురించి అడిగారు. మా బంధువుల్లో ఇంతవరకూ ఎవరూ అంత శ్రద్ధగా అడగలేదు.

వాళ్ళు చెప్పినవన్నీ నోటుపుస్తకంలో గళ్ళు గీసి రాసుకున్నాను. ఏడు పాలసీలు. రోజుకు ఎంత పడుతుంది, ఆస్పత్రికి ఎంత ఇస్తారు, పెట్టె పోతే ఎంత, విమానం ఆలస్యమైతే ఎంత. కింద మా ఇద్దరి వయసులు, జబ్బులు. నాగమణి పేరు ఎదురుగా షుగరు అని రాశాను. నా పేరు ఎదురుగా అడ్డగీత గీశాను.

నాగమణి తన బీమా అప్పటికే చేసుకుంది. పదకొండు రూపాయలు పసుపుగుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టింది. క్షేమంగా తిరిగొస్తే కొండకు పోయి హుండీలో వేయాలి. ఫారం లేదు, ఫోన్లు లేవు, పని జరిగాకే చెల్లింపు. నా ఏడు పాలసీల్లో ఒక్కదానికీ ఆ సౌకర్యం లేదు.

బుధవారం పొద్దున ఏడు దాటాక దామలచెరువులో రైలెక్కాం. టిక్కెట్టు మనిషికి పది రూపాయలు. కిటికీ పక్కన చోటు దొరికింది. కాలక్షేపానికి నేను మొదటి పాలసీ తీసి పైకి చదువుతూ వచ్చాను. ఆస్పత్రి ఖర్చు అయింది, పళ్ళనొప్పి అయింది, తర్వాత మరణం సంభవిస్తే భౌతికకాయాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు దగ్గరికి వచ్చాను. అది చాలా పెద్ద మొత్తం.

"పొద్దన్నే మొదలుపెట్టినావా," అంది నాగమణి. "పొయ్యేటప్పుడు పైకి చదివే మాటలేనా అవి?"

పోయాక ఇచ్చేదానికన్నా బతికుండగా పళ్ళనొప్పికి ఇచ్చేది తక్కువగా ఉందని నేను గమనించింది చెప్పబోయాను. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కల్పించుకున్నాడు. పాకాలలో గాజుల కొట్టున్న బాషా భాయి. ఉమ్రా యాత్రకు వెళ్ళొచ్చిన మనిషి, అంటే మా రైలుపెట్టెలో విదేశం చూసింది ఆయనొక్కడే.

"అన్నా, నా పెట్టె ఆడ పోయింది," అన్నాడు. "బీమావోళ్ళు పెట్టె ఉన్నిందని రుజువు సూపించమన్నారు. తాళంచెవి సూపించినాను."

"ఇచ్చినారా?"

"ఇచ్చినారు. తాళంచెవి నాకే ఇచ్చేసినారు."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నేను నోటుపుస్తకంలో 'పెట్టెకు రసీదు' అని రాసుకున్నాను.

ఎనిమిదిన్నరకు తిరుపతిలో దిగాం. ట్రావెల్స్ పదింటికి గానీ తెరవరు. స్టేషను ఎదుటి వీధిలో ఒక హోటల్లో టిఫిన్ చేశాం. ఇడ్లీ బాగుంది, కారంపొడి ఇంకా బాగుంది. నేను ఊరగాయ కూడా అడిగి వేయించుకున్నాను. ఇడ్లీ రాకముందు నాగమణి గోడవైపు తిరిగి, సంచి అడుగున చీర మడతల కింద చెయ్యిపెట్టి, రుమాలు విప్పి మాత్ర మింగింది. నాలుగేళ్ళుగా అలాగే మింగుతుంది. ఈ సంగతి నాకు, డాక్టరుకు, ఆ రుమాలుకు తప్ప ఇంకెవరికీ తెలియదు. చెల్లెలికి కూడా.

పదీ పావుకు ట్రావెల్స్‌లో ఉన్నాం. బీమా కూడా అక్కడే రాసిస్తారు. కంప్యూటరు ముందున్నతను ముప్పై అయిదేళ్ళవాడు, నుదుట నామం, మాట మర్యాద. నా నోటుపుస్తకం చూసి, ఇంత చదివి వచ్చినవాళ్ళను తాను చూడలేదన్నాడు. మెచ్చుకున్నాడో విసుక్కున్నాడో తేల్చుకోలేకపోయాను.

ఒక్కటి మాత్రం ఆయన విడమరచి చెప్పకముందే నాకు అర్థమైంది. ఆస్పత్రి ఖర్చులో మొదటి వంద డాలర్లు మనమే పెట్టుకోవాలట, ఆపైన కంపెనీ ఇస్తుందట. ఇది మా సూటే. మండీలో టన్ను కాయకు ఇంత అని తరుగు కింద ముందే కోసేస్తాం, దాన్ని సూటు అంటాం. కాయ చెడినా కోస్తాం, చెడకపోయినా కోస్తాం. రైతులు దాన్ని అన్యాయమన్నప్పుడల్లా అది వ్యాపార నియమమని ముప్పై ఏళ్ళుగా చెబుతూ వచ్చాను. ఆ రోజు ఆ కుర్చీలో కూర్చున్నాక అన్యాయంగానే కనబడింది.

నాగమణి ఫారం ముందు తీశాడు. పేరు, పుట్టినరోజు, పాస్‌పోర్టు నంబరు అయ్యాయి.

"షుగరు, బీపీ, గుండెజబ్బు, ఆయాసం, ఇట్లాంటివి ఏమన్నా ఉండాయా అమ్మా?"

"ఏమీ లేదప్పా," అంది నాగమణి. రేషను కార్డు నంబరు చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

ఆయన 'లేదు' మీద నొక్కబోతుంటే ఒక్క నిమిషం ఆగమన్నాను. నా మొహం చూసి సంగతి పసిగట్టినట్టున్నాడు. గొంతు తగ్గించాడు. "అందరూ లేదనే పెడతారు సార్. వారం దినాల్లో ఏమయితాది?"

"ఏమీ కాకపోతే నీ బీమా ఎందుకప్పా?"

టీ తాగి వస్తామని లేచాం.

టీకొట్టు నాలుగంగళ్ళ అవతల ఉంది. టీ ఒకటి చక్కెరతో, ఒకటి లేకుండా చెప్పబోయాను. నాగమణి నాకన్నా ముందు రెండూ మామూలువే చెప్పింది. టీ వచ్చాక ఆమె మాట్లాడింది.

"రైతు క్రేటు తెస్తే తలకిందులుగా కుమ్మరిస్తావు. సూస్తానే ఉండా ఇన్నేండ్లుగా. నన్ను గూడా ఆ మనిషి ముందర అట్లే కుమ్మరించాలనా?"

నాకు తెలిసిన లెక్కలోనే ఆమెకు చెప్పాను. పైన పది మంచి కాయలు పేర్చి అడుగున మచ్చకాయ పెట్టిన రైతుకు నేనేం చేస్తాను? ఆ మచ్చకాయల ధర ఒక్కటే తగ్గించను. ట్రాక్టరు మొత్తం వెనక్కి తిప్పుతాను. మచ్చ ఉందని ముందే చెప్పినవాడికి ధర తగ్గుతుంది గానీ సరుకు దిగుతుంది. ఇప్పుడు కొనేవాడు బీమావాడు, కాయ మనది. షుగరు దాచామని తెలిస్తే కాలు విరిగినా, కడుపునొప్పి వచ్చినా మొత్తం కాగితం తిప్పి కొడతాడు. పరాయి ఊళ్ళో నిన్ను ఆస్పత్రిలో పెట్టుకుని నేను తాళంచెవి చూపించాలా అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"మా యమ్మకు షుగరని తెలిసిన దినంనుంచి సచ్చేదాకా ఆమె ఆకులో ఏం పడిందా అని అందరం సూసినాం. ఆమె మొకం సూసినోళ్ళు ఒకరు లేరు. నేను గూడా ఆకే సూసినా," అంది. "ఈ వారం దినాలు నా ప్లేటు ఎవురూ సూడగూడదు. నేను మలేషియాకు పొయ్యేది దానికే. ఆడ ఏం గోపురాలు ఉండాయో నాకు తెలీదు."

"ఆ కాగితం మీ చెల్లెలి చేతికి పోదు. కవర్లో పెట్టి మనకే ఇమ్మని చెప్తా."

"ఎవురూ అంటే నువ్వు గూడా."

నా దగ్గర ఇంకో నోటుపుస్తకం ఉంది. అందులో నాలుగేళ్ళుగా ఆమె షుగరు అంకెలు, పక్కనే ఆ రోజు ఏం తిన్నదీ రాసి ఉంటుంది. అది శ్రద్ధ అనుకుంటూ వచ్చాను. టీకి ఇరవై నాలుగు రూపాయలిచ్చి, సరే, ప్లేటు చూడనన్నాను. కాగితంలో మాత్రం నిజం ఉండాలన్నాను. ఆమె సంచి భుజానికి తగిలించుకుని లేచి, "పా," అంది.

పన్నెండు కావస్తుండగా మళ్ళీ ఆ కుర్చీల్లో కూర్చున్నాం. నేను నోరు తెరవకముందే ఆమె చెప్పింది. "షుగరు ఉండాదప్పా. నాలుగేండ్లయింది. రెండు పూట్లా మాత్ర."

ఆయన దాన్ని కంప్యూటరులోకి ఎక్కించాడు. నా ఏడు పాలసీల్లో నాలుగు అక్కడికక్కడే పోయాయి. రోజు లెక్కన చవకగా ఉన్నదని నేను రెండుసార్లు గీత గీసి పెట్టుకున్నది అన్నిటికన్నా ముందు పోయింది. ముందునుంచీ ఉన్న జబ్బుకు అది పైసా ఇవ్వదట. మిగిలిన మూడింటిలో ఆరో నంబరు మాత్రం, ప్రాణం మీదికి వస్తే షుగరు కారణమైనా ఇస్తామంది. ఆరువందల నలభై అనుకున్నది పన్నెండువందల పది అయింది. ఉన్న మచ్చ చూపించాక ధర తగ్గడం మండీ పద్ధతి, ఇక్కడ పెరిగింది. మిగతాదంతా మండీలాగే ఉంది.

"ఇంగ సార్, మీకు? ఏమన్నా ఉండాయా?"

"ఏమీ లేదు," అన్నాను.

"ఆయనకు బీపీ ఉండాది," అంది నాగమణి. "ఆషాఢం నుంచి."

ఆయన చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. నేను ఆమెవైపు తిరిగాను. ఆమె నావైపు తిరగలేదు, కంప్యూటరుకే చెబుతూ పోయింది. "మాత్రల రేకు చొక్కా జేబులోనే మర్చిపోతాడు. ఉతికేటప్పుడు మూడుసార్లు దొరికింది. మందుల షాపులో అడిగితే బీపీదన్నారు."

ట్రావెల్స్ అతను మర్యాద తెలిసినవాడని ముందే రాశాను. ఆయన మా ఇద్దరినీ చూసి మెల్లగా అడిగాడు.

"టీ తాగొస్తారా సార్?"

నోటుపుస్తకంలో నా పేరు ఎదురుగా అడ్డగీత గీసినప్పుడు అది గుర్తులేదని చెప్పుకోవడానికి వీల్లేదు. గుర్తులేనివాణ్ణయితే మాత్రల డబ్బా మండీలో సొరుగు అడుగున, రసీదు పుస్తకాల కింద పెట్టను. ఇంట్లో తెలిస్తే ఊరగాయ జాడీ అటక ఎక్కుతుందని, మజ్జిగలోకి ఉప్పు లెక్కపెట్టి వేస్తారని దాచాను. వేరే కారణం లేదు. ముప్పై ఏళ్ళు ఊరివాళ్ళ క్రేట్లు కుమ్మరించినవాణ్ణి, నా క్రేటును మూడు నెలల కిందటే ఇంకొకరు కుమ్మరించి, చూసి, మళ్ళీ పైన కాయలు సర్ది పెట్టారన్నమాట.

"టీ వద్దప్పా," అన్నాను. "రాసుకో."

నాది కూడా పన్నెండువందల పది అయింది. చివరగా నామినీ ఎవరని అడిగాడు. నాకు ఆమె, ఆమెకు నేను అన్నాం. ఇద్దరూ ఒకే విమానంలో పోతున్నారు కదా అన్నాడు. మాకు పిల్లలు లేరు, మరదలి పేరు చెప్పాం. ఆమెదీ అదే విమానమని ఆయనే గుర్తుచేశాడు. మేము నమ్మే మనుషులందరూ ఒకే విమానం ఎక్కుతున్నారని అప్పుడు తెలిసింది. విమానమంటే భయపడి రానన్న నాగమణి తమ్ముడి పేరు రాయించాం. భయపడినవాడికి ఇన్నాళ్ళకు ఒక ఫలం కనబడింది.

టూరుకు కావలసిన నకళ్ళు అక్కడే ఇచ్చి, మా కాగితాలు రెండు వేరువేరు కవర్లలో పెట్టించుకుని ఒంటిగంటకు బయటపడ్డాం. భోజనం చేసి రెండున్నర రైలు పట్టుకున్నాం. భోజనంలో అప్పడాలు మూడు వేశారు. ఒకటి తిని రెండు వదిలాను. ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

రైలుపెట్టె సగం ఖాళీగా ఉంది. రైలు కదిలాక నాగమణి తన కవరు విప్పి, మడత పెట్టి, మళ్ళీ విప్పింది.

"ముడుపు కట్టేటప్పుడు సామి ఏ జబ్బుండాదని అడగలే."

"ఆయప్ప కుమ్మరించకుండానే సూసే రకం."

"నీ మాదిరి కాదు."

"నీ మాదిరి," అన్నాను. పొద్దుటినుంచి అప్పుడే మొదటిసారి నవ్వింది.

చంద్రగిరిలో ఒకామె సీతాఫలాలు తెచ్చింది. నాగమణి నాలుగు బేరమాడి కొని, ఒకటి విప్పి తినడం మొదలుపెట్టింది. బాగా పండింది, వాసన ఇటువైపే వస్తోంది. సీతాఫలం షుగరును ఎంత పెంచుతుందో నా రెండో నోటుపుస్తకంలో నాలుగుచోట్ల ఉంది. నేను కిటికీలోంచి కోట చూస్తూ కూర్చున్నాను. రైలు కదిలింది. కోట దాటిపోయింది. అయినా అటే చూస్తున్నాను.

"సాల్లే," అంది ఆమె. "ఆడ ఏమీ లేదు. ఇటు తిరుగు."

తిరిగాను. పండు సగం తిని, మిగతా సగం నాకు పెట్టింది. చెయ్యి తుడుచుకుని సంచి అడుగునుంచి రుమాలు మూట తీసింది. విప్పి మాత్రల రేకులు బయటికి తీసి, సంచి పైన, నీళ్ళసీసా పక్కన పెట్టుకుంది. తర్వాత నా జేబువైపు చెయ్యి చాపింది. నేను రేకు తీసి ఇచ్చాను. దాన్ని కూడా వాటి పక్కనే పెట్టింది.

నాలుగుకు పది నిమిషాలుందనగా దామలచెరువులో దిగాం. బీమా కాక ఇద్దరికీ కలిపి, సీతాఫలాలతో సహా, నాలుగువందల లోపే అయింది. వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. ట్రావెల్స్ పదింటిదాకా తెరవరు, తొందరపడి వెళ్ళకండి. పెట్టె కొన్న రసీదు దాచుకోండి. నామినీగా రాయడానికి, విమానమెక్కని మనిషిని ఒకణ్ణి చూసి పెట్టుకోండి. మాత్రలు సంచి అడుగున కాదు, పైన పెట్టుకుని బయల్దేరండి.