సైదులు చేయని తప్పు

వెనకనుంచి ఎవరైనా "అన్నా" అని పిలిస్తే నేటికీ నా గుండె జారుతుంది. అది కోదాడ గొంతైతే మరీ. ఏళ్లుగా ఈ భయాన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను సూర్యాపేటలో విలేకరిని. వార్తలు పంపాక మిగిలిన వేళల్లో పాత రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసేవాణ్ణి. కోదాడలో ఒక ప్రార్థన మందిరంలో గిటార్ వాయించే డేవిడ్ తన యాంప్లిఫయర్ తెచ్చాడు. గాజు వాల్వులతో పనిచేసే పాతకాలపు పెట్టె. ఉన్నట్టుండి జుమ్మని మోత పెడుతుంది, కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. నా బల్లమీద మాత్రం ఆ జబ్బు బయటపడలేదు. చెక్కపుల్లతో వాల్వులను ఒక్కొక్కటే తట్టి చూశాను. టంకాలు మళ్లీ వేశాను. ఏమీ దొరకలేదు. దొరకలేదని చెప్పడం నామోషీ అనిపించింది. ప్లగ్గు విప్పి, లోపల ఎర్త్ తీగ కత్తిరించి, మళ్లీ బిగించి ఇచ్చాను. మోత పోవడానికి రిపేర్లు చేసే మాలో కొందరు వాడే చిట్కా అది. ప్రాణం కాపాడే తీగ అదేనని నాకు తెలియదా? తెలుసు.

కొన్నాళ్లకు డేవిడ్ ఫోన్ చేశాడు.

"అన్నా, పెట్టెలో జుమ్ము పోయింది గానీ, తీగలు ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటందన్నా. ఒక్కోసారే."

"గిటార్ వాయించేటోనివి, చెయ్యి జుమ్మనకపోతే పాటెట్ల పుడ్తదిరా?"

"నీ జోకులకేంలే. ఒకసారి వచ్చి చూడరాదా?"

"వస్తలే. ఈ ఎలక్షన్ల లొల్లి ఖతం కానీ."

నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడే నాకు అర్థమైందా? అయిందనే అనుకుంటున్నాను. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కినప్పుడల్లా కరెంటు ఇనుప డబ్బాకు పాకుతోంది, అక్కడినుంచి గిటార్ తీగలకు. అది భూమిలోకి పోవాల్సిన దారిని నేను తెంచేశాను. అయినా వెళ్లలేదు. "దాన్ని ముట్టుకోకు" అని ఫోన్లో ఒక్క మాటైనా అనలేదు. అంటే, ఎందుకని అడుగుతాడు.

ఆ ఆదివారం పాట మధ్యలో, చెయ్యి గిటార్ తీగలమీద ఉండగానే, అతని పెదాలు ఎర్త్ ఉన్న ఇనుప మైకుకు తగిలాయి. పడిపోయాడు.

కబురు నాకు విలేకరిగానే వచ్చింది. నేను వెళ్లేసరికి అందరూ దవాఖానలో ఉన్నారు. ఖాళీ హాల్లో ఆ పెట్టె, నేను. ఫొటో తీస్తున్నట్టు వంగి, ప్లగ్గు విప్పి, ఎర్త్ తీగ మళ్లీ కలిపాను. స్క్రూ జారిపడితే నేలంతా తడిమి వెతికాను. బయట ఏ అడుగు చప్పుడైనా నాకోసమే అనిపించింది.

తర్వాత పరీక్షించిన కరెంటు ఆఫీసువాళ్లకు చల్లబడ్డ పెట్టెలో ఏ దోషమూ కనిపించలేదు. నిందంతా మందిరానికి వైరింగ్ చేసిన సైదులు మీద పడింది. "వైరింగ్ లోపమే కారణమని స్థానికులు చెబుతున్నారు" అని వార్త రాసింది నేనే. అప్పటికి స్థానికులెవరూ ఏమీ అనలేదు.

డేవిడ్ బతికాడు. ఎడమచేతి వేళ్లు మాత్రం ఇప్పుడు వంగవు. ఆ పెట్టెను అడిగి తెచ్చుకుని, మళ్లీ ఎవరూ వాడకుండా విప్పేశాను. సైదులును కోదాడలో ఇంకెవరూ పనికి పిలవలేదు.

మొన్న మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ముందు బస్తాలు మోస్తూ కనిపించాడు. పారిపోదామనుకున్నాను. ఈలోగా వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

"పేపర్ల నా పేరు రాయకుండ ఇజ్జత్ కాపాడిన్రన్నా. కానీ నేను ఏడ తప్పు జేసిన్నో ఇప్పటికీ సమజైతలేదు."

చాయ్ తాగి పొమ్మన్నాడు. తాగాను. నిజం చెప్పకుండానే లేచి వచ్చేశాను. జైలంటే భయమా, డేవిడ్ ముఖమంటే భయమా? రెండూ కావేమో. సైదులు నా చేతులు వదిలేసే క్షణమంటేనే భయమేమో.

ఇది చదివి రేపు ఎవరైనా నా తలుపు తట్టవచ్చు. దీని కింద నా పేరు పెట్టే ధైర్యం ఇంకా రాలేదు. కానీ ఆనాడు రాయాల్సిన వార్త ఇదీ: వైరింగ్ సక్రమంగానే ఉంది. సైదులు ఏ తప్పూ చేయలేదు. ఎర్త్ తీగ కత్తిరించింది నేను.